మైకుకు దూరంగా ప్రభువు బూర

మైపాడు,
6 మార్చి 2025

అమ్మణ్ణీ ఏంజెలిన్,

మన రేవుకు ఎన్ని అలలు తగిలినాయో అన్ని దీవెనలు నీ నెత్తిన పడుగాక!

ఫోను చేయకుండా ఉత్తరం రాసినాడేమి, మామయ్యకు ఏమన్నా అయిందా అని బెదరవద్దు. నీ మేనమామ బెన్హర్ బండలా ఉన్నాడు. నిన్నటితో శ్రమల దినాలు మొదలైనాయి. ఈస్టరు వరకు ఏటా ఏదో ఒకటి మానుకుంటానని నీకు తెలుసు గదా. పోయిన ఏడు చేపల పులుసు మానుకున్నాను. మీ అత్త మగ్దలీనమ్మ సరిగ్గా ఆ దినాల్లోనే వంజరం ముక్కలు తెచ్చి, వాకిట్లో పొయ్యి పెట్టి, గాలివాటం చూసుకుని మరీ వండింది. సాతానుకు కూడా అంత ఓపిక లేదు. ఈ ఏడు ఫోను మానుకున్నాను. బియ్యం డబ్బాలో పూడ్చిపెట్టినాను. యోనా చేప కడుపులోంచి మొరపెట్టినట్టు అది మోగుతూనే ఉంది. "ఏమయ్యో, బియ్యం పిలస్తా ఉండాయి" అంటుంది మీ అత్త.

ఇక అసలు సంగతి. మొన్న ముత్యాలయ్య పడవ ఇంజనుకు సామాను కొనడానికి నెల్లూరు పోయినాను. బస్టాండులో మిరపకాయ బజ్జీలు కొని, తిని, చేతులు తుడుచుకుందామని కాగితం విప్పినాను గదా, అందులో ఎవరు? నువ్వు! వేదిక మీద, చేతిలో అవార్డుతో, మైకు ముందు! పైన పెద్ద అక్షరాలు: 'పాటకు పురస్కారం'. కింద రాసిందంతా నూనెలో మునిగిపోయింది. ఒక మరక నీ చెవి మీద కూడా పడింది. అయితేనేం, ముఖం మా అక్క ముఖమే. బస్టాండు అదిరిపోయేటట్టు "హల్లెలూయా" అని అరిచినాను. ఒక కండక్టరు ఉలిక్కిపడి విజిల్ వేసినాడు. కదలాల్సిన వేళ కాకుండానే ఒక బస్సు కదిలింది.

మైకు ముందు నిలబడినవాళ్లు పాడక ఇంకేం చేస్తారు? కాబట్టి విను. ఈస్టరునాడు పొద్దు పొడవకముందే ఈ తీరంలోని సంఘాలన్నీ ఇసుకలో కూడతాయని నీకు తెలుసు. సూర్యుడు నీళ్లలోంచి తల ఎత్తేటప్పుడు పాడే పాటకున్న గౌరవం ఇంక దేనికీ లేదు. పోయిన ఏడు అది బోగోలు వాళ్ల వంతు. వాళ్ల పాస్టరు విజయభాస్కర్ కీబోర్డులు, కిరాయి గాయకులు తెచ్చి మా చేత నోరెళ్లబెట్టించినాడు. ఈ ఏడు వంతు మనది. పాడేది నువ్వు. సినిమా పాటా, కాదా అని నేను అడగను. దానియేలు అన్యుల బబులోనులో ఉద్యోగం చేయలేదా?

ప్రభువు బూర, నీ మేనమామ
బెన్హర్


చెన్నై,
11 మార్చి 2025

మామయ్యా,

దీవెనలన్నీ అందాయి. కవరుకు అంటిన బజ్జీ నూనె కూడా అందింది.

నీ ఉత్తరం సగం దాకా పడిపడి నవ్వాను. తర్వాత చెమటలు పట్టాయి. మామయ్యా, ఆ పాట నేను పాడలేదు. పాడిన అమ్మాయి వేరే ఉంది. నాకు అవార్డు ఇచ్చింది మిక్సింగ్ చేసినందుకు. పాడే గొంతు, డోలు, వేణువు, అన్నిటినీ విడివిడిగా రికార్డు చేసి నా దగ్గరికి పంపుతారు. అన్నీ ఒకేసారి వింటే మన రేవులో చేపల వేలమే. ఏది ముందుకు రావాలి, ఏది వెనక్కి తగ్గాలి, ఏ గొంతు పక్కన ఏది నిలబడాలి అని సర్ది, దాన్నంతా ఒక పాటగా చేయడం నా పని. పాట విన్నవాళ్లకు నేను ఉన్నట్టే తెలియకూడదు. తెలిసిందంటే పని చెడగొట్టానని అర్థం.

ఫొటోలో మైకు ముందు ఉన్నది నాలుగు మాటలు చెప్పమన్నందుకు. అవీ రాలేదు. "థాంక్స్" అనేసి దిగిపోయాను.

నేను పాడితే ఏమవుతుందో మరిచిపోయావా? సండే స్కూలు క్రిస్మస్ నాటకంలో నాకు గొర్రెల కాపరి వేషం ఇచ్చావు. నేను పాట ఎత్తుకోగానే వేదిక మీదున్న నిజం మేక తాడు తెంపుకుని పారిపోయింది. మన కూటంలో పాడే ఫ్లోరా వాళ్ల నాన్న దాన్ని ఇసకపల్లి దాకా తరుముకుంటూ పోయాడు.

దయచేసి ఈ సంగతి ఎవరికీ చెప్పొద్దు. అత్తకు ముద్దులు. ఆ ఫోను బియ్యంలోంచి ఒక్క నిమిషం తీయకూడదా?

నీ ఏంజెలిన్


మైపాడు,
18 మార్చి 2025

వినయము అనే వస్త్రము ధరించిన నా మేనకోడలా,

నీ ఉత్తరం అందేలోపే ఆదివారం ఆరాధనలో చెప్పేసినాను. మీరావలి భాయి తన మైకు సెట్టు తెచ్చి ఉన్నాడు గాబట్టి రేవంతా విన్నది. సముద్రంలో ఉన్న పడవలవాళ్లు కూడా విన్నామన్నారు.

నీ ఉత్తరం చదివి నా ఒళ్లు పులకరించింది. మోషేను దేవుడు పిలిచినప్పుడు ఆయన ఏమన్నాడు? నాకు నోరు తిరగదు, నాలుక మందము అన్నాడు. నువ్వేమన్నావు? థాంక్స్ తప్ప మాట రాలేదు అన్నావు. అదే మాట! అక్షరం తేడా లేదు! పిలుపు లేనివాడు "నేను పాడతాను, నేను పాడతాను" అని వేదికెక్కుతాడు, విజయభాస్కర్ తెచ్చిన కిరాయి గాయకుల మాదిరి. పిలుపు ఉన్నవాడే "నా వల్ల కాదు" అంటాడు. నువ్వు కాదన్న కొద్దీ నాకు గట్టిగా తెలుస్తా ఉంది.

మేక సంగతి బాగా గుర్తు చేసినావు. బిలాము గాడిదను తలచుకో. దారిలో నిలబడిన దేవదూతను ముందు చూసింది ఎవరు? బిలామా? గాడిద! పశువులకు మనకంటే ముందు కనబడుతుంది. నీ పాటలో ఆ మేక ఏం చూసిందో ఎవరికి తెలుసు? ఇన్నాళ్లూ మేకను నిందించినాము.

ఈ మిక్సింగు మాత్రం నాకు చెప్పవద్దు. గొంతుల్ని ముందుకూ వెనక్కూ సర్దడం ఒక పనా? మన కూటాల్లో నేను రోజూ చేసేది అదే గదా! దానికి అవార్డు ఇచ్చే పిచ్చివాడు ఎవడు? ఫ్లోరా కూడా నిన్న వచ్చి "అన్నా, ఏంజెలిన్ అక్క ఫోనులో..." అని మొదలుపెట్టింది. రెండు చెవులూ మూసుకున్నాను. ఫోనులో వచ్చిన మాట ఎవరి నోట విన్నా ఉపవాసం భంగమే.

పాట సిద్ధంగా ఉంది. ముత్యాలయ్య కట్టినాడు: 'రాయి దొర్లిపోయెనంట, రేవు తెల్లవారెనంట'. సాధన చేయి. చల్లనీళ్లు తాగవద్దు.

ప్రభువు బూర
బెన్హర్


చెన్నై,
24 మార్చి 2025

మామయ్యా, మామయ్యా, మామయ్యా,

అదే! నువ్వు రోజూ చేసేది అదే! నాకు అవార్డు ఇచ్చింది దానికే!

కాస్త స్థిమితంగా కూర్చుని చదువు. మన కూటాలకు ఒకే ఒక్క మైకు ఉండేది, వెదురు బొంగుకు కట్టి. పాడేవాళ్లు మాత్రం ఊరంతా. నువ్వు ఏం చేసేవాడివి? "ఫ్లోరా, నీది చీమ గొంతు, ముందుకు రామే." "ముత్యాలయ్యా, ఆ డప్పు తీసుకుని పడవ అవతలికి పో." "మగ్దలీనా, నువ్వు వెనక్కి, నీ గొంతు ఎట్టాగైనా వస్తాది." నేను వైరు పట్టుకుని పక్కన నిలబడి చూసేదాన్ని. మేక సంగతి అయ్యాక నాకు అప్పజెప్పింది ఆ వైరే కదా. ఒక మనిషి ఒక అడుగు వెనక్కి వేస్తే పాట మొత్తం మారిపోతుందని అక్కడే తెలిసింది. ఈరోజు నా ముందు ఈ మూల నుంచి ఆ మూల దాకా బటన్లు ఉన్నాయి. నేను చేసేది మాత్రం అదే. ఫ్లోరాని ముందుకు పిలుస్తాను, డప్పును పడవ అవతలికి పంపుతాను.

అవార్డు చేతికి ఇచ్చినప్పుడు నాకు మాట రాకపోవడానికి కారణం మోషే కాదు. ఇసుకలో నిలబడి అందరినీ అటూ ఇటూ తోలుతున్న నువ్వు కళ్ల ముందు మెదిలావు. లోకమంతా నా పని తెలియక నన్ను గాయని అనుకున్నా నాకు బాధ లేదు. నువ్వు అనుకుంటే ఉంది. నేను ఏం చేస్తానో నువ్వొక్కడివి తెలుసుకుంటే చాలు.

నీ కూర్పులో ఒకే ఒక్క తప్పు ఉండేది. చెప్పనులే, కోప్పడతావు.

నేను పాడను. పాడలేను. ఊరి ముందు నిన్ను నవ్వులపాలు చేయలేను. సంగతి ముదరకముందే ప్రకటన వెనక్కి తీసుకో.

ఏంజెలిన్


మైపాడు,
1 ఏప్రిల్ 2025

తర్షీషు ఓడ ఎక్కిన యోనా చెల్లెలా,

పారిపోవాలని చూస్తా ఉన్నావు. పారిపో. యోనా కూడా పారిపోయినాడు. చేప ఎక్కడ కక్కిందో గుర్తు పెట్టుకో. సరిగ్గా ఒడ్డున!

నీ ఉత్తరం ప్రార్థన కూటంలో బిగ్గరగా చదివినాను. అవార్డు తీసుకుంటూ కూడా పల్లెలో ఉండే మామను తలుచుకున్నావని విని ముత్యాలయ్య కంటతడి పెట్టినాడు. ఇంత గొప్ప గాయని తన పాటను వైరు పట్టుకున్న పనితో పోల్చుకుంటుందా అని అందరూ ఆశ్చర్యపోయినారు.

ప్రకటన వెనక్కి తీసుకోమంటివి. ఎట్టా తీసుకునేది? ఫ్లెక్సీ కట్టేసినారు! బస్సు ఆగే చోట, కొబ్బరి చెట్టంత. బజ్జీ కాగితంలోని నీ ఫొటోనే పెద్దది చేసినారు. నీ చెవి మీది నూనె మరక కూడా పెద్దదై, తల చుట్టూ మహిమలాగా వచ్చింది. కింద 'గానకోకిల ఏంజెలిన్, మన మైపాడు ఆడబిడ్డ' అని రాయించినారు. మీరావలి భాయి మనిషెత్తు డబ్బాలు రెండు తెస్తానన్నాడు. "బెన్హరన్నా, ఎకో ఎంత పెట్టమంటావో చెప్పు. ఒక్క ఆమేన్ అంటే లంకదాకా పోయి తిరిగి రావాల" అంటా ఉన్నాడు. రంజాను పండుగ సేమ్యా కూడా తెచ్చినాడు, నీ వంతు మీ అత్తే తినేసింది.

బోగోలు నుంచి విజయభాస్కర్ కబురు పంపినాడు, రెండు లారీల మనుషులతో వస్తాడంట. "మీ కోకిల కూత వినాల్సిందే అన్నా" అన్నాడంట. ఆ 'కూత' అన్న మాటలో వెటకారం ఉంది. ఇప్పుడు నువ్వు రాకపోతే, ఈ బెన్హరు నోరు తెరిచి సువార్త చెప్పినా ఈ తీరంలో నమ్మేవాడు ఉండడు. కోకిల అన్నాడు, కాకి కూడా రాలేదు అంటారు. నా పరువు కాదు, నా మాట. ప్రసంగీకుడికి మాట తప్ప ఇంకేముంది?

ఇంకొకటి. నా కూర్పులో తప్పా? నాలోనా?

బూర
బెన్హర్

(అమ్మణ్ణీ, నేను మీ అత్తను. ఈయన ఉత్తరం అంటించమని ఇచ్చి పోయినాడు. నువ్వు రాసింది నాకు అర్థమైంది. ఈయనకు చెప్పి చూసినాను. ఆయన నోరే ఆయన చెవులకు అడ్డం. నువ్వయితే రా. వంజరం పెడతాను.)


చెన్నై,
8 ఏప్రిల్ 2025

మామయ్యా,

వస్తున్నాను. ఈస్టరు ముందటి శనివారం సాయంత్రానికి అక్కడ ఉంటాను. నీ మాట పోనివ్వను.

ఒక్క షరతు. పొద్దు పొడిచే పాట దగ్గర నేను చెప్పినట్టు నువ్వు చేయాలి. ఎందుకు అని అడగకూడదు. నవ్వినా, ఏడ్చినా, విజయభాస్కర్ గారు చూస్తున్నా సరే. కానా పెళ్లిలో పనివాళ్లకు మరియమ్మ ఏం చెప్పింది? యేసు ఏది చెబితే అది చేయండి అంది. ద్రాక్షరసం అయిపోతే నీళ్లు నింపమంటాడేమిటి అని వాళ్లెవరూ ఎదురు ప్రశ్న వేయలేదు. నేను కూడా నీ సండే స్కూల్లోనే చదివాను.

ఒప్పుకుంటే కార్డు ముక్క రాయి. లేకపోతే యోనాని వెతుక్కో.

ఏంజెలిన్


మైపాడు,
12 ఏప్రిల్ 2025

లేఖనంతో కొట్టినావు. బెన్హరును లేఖనంతో కొట్టినవాళ్లు ఇంతవరకూ లేరు. ఒప్పుకున్నాను. మీ అత్త సాక్షి. "ఒప్పుకున్నదానికీ నేనే సాక్షి, జరగబోయేదానికీ నేనే సాక్షి" అంటా నవ్వతా ఉంది, ఎందుకో తెలియదు.

బెన్హర్


మైపాడు,
23 ఏప్రిల్ 2025

అమ్మణ్ణీ,

ఆయన లేచెను! నిజముగా లేచెను! మూడు దినాలైనా నేను ఇంకా కూర్చోలేదు.

ఉపవాసం అయిపోయింది, ఫోను బియ్యంలోంచి లేచింది. అయినా ఉత్తరమే రాస్తా ఉన్నాను. ఫోనులో అయితే నువ్వు 'మామయ్యా' అనేలోపు నేనే అంతా మాట్లాడేసి పెట్టేస్తాను. నువ్వు ఆ పొద్దున్నే చెన్నైలో పని ఉందని, వంజరం డబ్బా చంకన పెట్టుకుని బస్సెక్కి పోయినావు. మైకు దగ్గర నిలబడిన నీకు తెలియని సంగతి ఒకటుంది. అది చెప్పాలి.

నేను నిన్ను పిలిచినాను గదా, "ఇదిగో మన కోకిల" అని. జనం చప్పట్లు కొట్టినారు. నువ్వు వచ్చి మైకు పట్టుకున్నావు. నా గుండె డీజిల్ ఇంజను మాదిరి కొట్టుకుంటా ఉంది. నువ్వేమో పాడకుండా మీరావలి భాయి వైపు తిరిగి "ఎకో తీసేయండి భాయ్" అన్నావు. ఆ మనిషి ముఖం చూడాల్సింది! కొడుకు తల గొరిగించమన్నట్టు చూసినాడు. తర్వాత ఫ్లోరాను ముందుకు పిలిచినావు. డప్పును పడవ అవతలికి పంపినావు. సరే, ఇదంతా నా పద్ధతే గదా అని మీసం దువ్వినాను. అప్పుడు నా వైపు తిరిగినావు.

"మామయ్యా, వెనక్కి."

ఒక అడుగు వేసినాను.

"ఇంకా వెనక్కి."

"ఎందాకమే?" అని అడగబోయి కానా పెళ్లి గుర్తొచ్చి నోరు మూసుకున్నాను. నువ్వు చెయ్యి ఊపుతూనే ఉన్నావు. జనం దాటినాను, పడవలు దాటినాను, నీళ్లలో కాళ్లు పడినాయి. విజయభాస్కర్ నోటికి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. "బెన్హరన్నా, బాప్తిస్మం మళ్లీనా?" అని ఎవరో అరిచినారు. ప్రభువు బూరను తీసుకుపోయి సముద్రంలో నిలబెట్టినావు! నాకు వచ్చిన కోపానికి అలలు వెనక్కి పోవాల్సింది.

నువ్వు చివరి వరుసలోంచి మీ అత్తను చెయ్యి పట్టి తీసుకొచ్చి మైకు ముందు నిలబెట్టినావు. నువ్వు మాత్రం పక్కకు పోయి వైరు పట్టుకుని నిలబడినావు.

రాయి దొర్లిపోయెనంట.

అమ్మణ్ణీ, ఆ గొంతు ఎవరిది? నేను ఆమెతో ముప్పై ఏళ్లుగా కాపురం చేస్తా ఉన్నాను. ఆమె తిట్టడం విన్నాను, పిలవడం విన్నాను, చేపలు బేరమాడడం విన్నాను. ప్రతి ఆదివారం ఆమె పాడింది. నేను మైకుకు మూతి ఆనించి, ఆ వెనక ఉన్న గొంతులన్నిటి మీదా నా గొంతు పరిచినాను. ఒక్కనాడూ వినలేదు. ఆదివారం పొద్దున మోకాళ్లలోతు నీళ్లలో నిలబడి మొదటిసారి విన్నాను. లోతు గొంతు, తడి గొంతు, కింద ఇసుక ఉన్నట్టుగా. దాని పక్కన ఫ్లోరా సన్నగా, వెనక ఎక్కడో డప్పు, గుండె కొట్టుకున్నట్టు. రెండో చరణానికి బోగోలు వాళ్లు కూడా అందుకున్నారు. విజయభాస్కర్ రుమాలు ఇప్పుడు కళ్లకు పోయింది. అప్పుడే నీళ్లలోంచి పొద్దు తల ఎత్తింది. నేను హల్లెలూయా అనడం మరిచిపోయినాను! పుట్టి బుద్ధెరిగిన తర్వాత మొదటిసారి. ఆ తర్వాత నీళ్లలో ఎగిరినాను, గంతులేసినాను, దావీదు రాజు దేవుని మందసం ముందు ఎగిరినట్టు. నా రెండు చెప్పులూ సముద్రం తీసుకుపోయింది. తీసుకుపోనీ.

వినడానికి త్వరపడండి, మాట్లాడడానికి నిదానించండి అని యాకోబు రాసిన మాట మీద నేను ఎన్ని ప్రసంగాలు చేసినానో లెక్కలేదు. అన్నీ మైకు మింగేటట్టు అరిచి చేసినాను. నా కూర్పులో ఉన్న ఒక్క తప్పు ఏమిటో ఇక నువ్వు చెప్పనక్కరలేదు.

పాట అయినాక విజయభాస్కర్ వచ్చినాడు. "అన్నా, మీ కోకిల పాడనే లేదే?" అన్నాడు. నేను చెప్పినాను: "ఆ బిడ్డకు అవార్డు ఇచ్చింది నోటికి కాదయ్యా, చెవులకు." ఆ మాట నా నోట్లోంచి వచ్చినప్పుడే నాకు తెలిసింది, బజ్జీ నూనె కాగితం మీద ఇంత చోటుండగా పోయి పోయి నీ చెవి మీదే ఎందుకు పడిందో! దేవుడు మొదటి దినమే చూపించినాడు. నేను కాగితంతో చేతులు తుడుచుకున్నాను.

ఫ్లెక్సీ దించమన్నాను. మనవాళ్లు దించలేదు, 'గానకోకిల' మీద తెల్ల కాగితం అంటించినారు. దాని మీద ఏం రాయాలో తేలక నిన్నటి నుంచి వాదులాట. 'మిక్సింగ్ ఇంజనీర్' అంటే మిక్సీలు బాగుచేసేదనుకుంటారని ముత్యాలయ్య భయం. ఇంకా ఖాళీగానే ఉంది.

నిన్న సాయంత్రం కూటంలో మీ అత్తను మైకు ముందు నిలబెట్టి, నేనే ఎవరూ చెప్పకుండా వెనక్కి నడిచినాను. పడవల దాకా పోయి, అక్కడి నుంచి ప్రసంగం చేసినాను. అయిపోయినాక మీ అత్త వచ్చి, "అక్కడి నుంచి కూడా వినపడతానే ఉండావయ్యా, ఇంకొంచెం పో" అన్నది.

ఇంకొంచెం పోతే బంగాళాఖాతమే. పోతాను.

నీ మేనమామ,
ప్రభువు బూర (పడవల అవతలి నుంచి)
బెన్హర్